ఒక సీటు వెనుక ఎన్ని పడకలు?



పిల్లల పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న: "సీటు వచ్చిందా?" మెడికల్ సీటు, నర్సింగ్ సీటు, ఫిజియోథెరపీ సీటు. పక్కింటావిడ అడుగుతుంది, ఊరి నుంచి ఉత్తరం రాసే అత్తగారూ అడుగుతుంది. సీట్లు పెంచారని పత్రికల్లో చదివితే సంతోషిస్తాం. సంతోషించవలసిందే. కానీ వైద్యవిద్యలో సీటు అంటే తరగతి గదిలో ఒక కుర్చీ మాత్రమేనా? ఆ కుర్చీ వెనుక రోగి పడుకునే పడక ఉండాలి, చెయ్యి పట్టుకుని నేర్పే గురువు ఉండాలి, రాత్రి డ్యూటీ దిగిన పిల్ల భయం లేకుండా నిద్రపోవడానికి హాస్టల్ గది ఉండాలి. ఇది ఇవాళ పుట్టిన విషయం కాదు. మన ఆడవాళ్ళు వైద్యం చదవడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఉన్నదే. ఆ చరిత్రను కాస్త తిరగేద్దాం.

1875లో మద్రాసు మెడికల్ కాలేజీ నలుగురు స్త్రీలను చేర్చుకుంది. అప్పటికి ఇంగ్లండులోనే ఆడవాళ్ళకు వైద్య కళాశాలల తలుపులు సరిగా తెరుచుకోలేదు. ఆ నలుగురిలో మేరీ షార్లీబ్ ఒకరు. మద్రాసులో ప్రాక్టీసు చేసే ఒక బారిస్టరు గారి భార్య, పిల్లల తల్లి. ఘోషాలో ఉండే ఆడవాళ్ళు పురుళ్ళలో సరైన సాయం అందక చనిపోతున్నారని విని, సంసారం చూసుకుంటూనే చదువులో చేరింది. 1878లో పట్టా పుచ్చుకుంది. లండను వెళ్ళి 1882లో అక్కడి విశ్వవిద్యాలయం డిగ్రీ కూడా సంపాదించి, మరుసటి ఏడు మద్రాసు తిరిగి వచ్చింది.

తిరిగి వచ్చాక డాక్టరమ్మ ఉన్నది సరే, రోగులు ఏ వార్డులోకి వస్తారు? మగ డాక్టర్లూ మగ రోగులూ తిరిగే ఆస్పత్రిలోకి పరదా స్త్రీ అడుగు పెట్టదు. అందుకని 1885లో కులస్త్రీలకూ ఘోషా స్త్రీలకూ ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి పెట్టించింది. ట్రిప్లికేన్‌లో ఇప్పుడు కస్తూర్బాగాంధీ ఆస్పత్రి అంటున్నది అదే. అదే సంవత్సరం వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరిట ఒక నిధి ఏర్పడింది. స్త్రీలకు వైద్యవిద్య, స్త్రీలకు చికిత్స, శిక్షణ పొందిన నర్సులూ మంత్రసానులూ అని ఆ నిధి మూడు ఆశయాలు పెట్టుకుంది. మూడూ కలిసి ఉండాలన్న సంగతి ఆ రోజుల్లోనే తెలిసిందన్నమాట. మన హైదరాబాదులో కూడా 1889 నాటికే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ యువతి అక్కడి మెడికల్ స్కూల్లో చదివి పట్టా తీసుకుంది. మత్తుమందు ఇచ్చే వైద్యంలో ఆమెకు మంచి పేరు వచ్చింది.

ఇక రాయవెల్లూరు కథకు వద్దాం. చిత్తూరు జిల్లా దాటితే వచ్చే ఊరు. జబ్బు ముదిరితే "వేలూరు తీసుకెళ్ళండి" అనడం మన రాయలసీమ ఇళ్ళల్లో మామూలు మాట. ఆ ఆస్పత్రి పెట్టిన ఐడా స్కడర్ ఒక అమెరికన్ మిషనరీ గారి కూతురు. ఆమె యువతిగా తిండివనంలో ఉండగా ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, తమ భార్యలు పురిటి నొప్పులతో అల్లాడుతున్నారు, వచ్చి చూడమన్నారు. డాక్టరైన మా నాన్నగారిని తీసుకెళ్ళండి అంటే, పరాయి మగవాడు చూడడానికి వీల్లేదన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆ రాత్రి తర్వాతే ఆమె డాక్టరు కావాలని నిశ్చయించుకుంది. అమెరికాలో చదివి 1900లో తిరిగి వచ్చింది.

ఆ తర్వాత ఆమె పనులు చేసిన వరస చూడండి. అమెరికాలో ఒక బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం పదివేల డాలర్లు ఇస్తే, 1902లో 40 పడకల ఆడవాళ్ళ ఆస్పత్రి లేచింది. ఏడేళ్ళకు, 1909లో, నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు గాని, అంటే 1918లో గాని, ఆడపిల్లలకు మెడికల్ స్కూలు పెట్టలేదు. ముందు పడకలు, ఆ తర్వాత నర్సులు, అన్నిటికన్నా చివర డాక్టరు చదువు. ఇల్లు కట్టేటప్పుడు పునాది, గోడలు, కప్పు అన్నట్టు.

ఆ స్కూలు పెడతానన్నప్పుడు ప్రభుత్వ వైద్యశాఖ పెద్దాయన, ముగ్గురు పిల్లలు దరఖాస్తు పెట్టినా మీ అదృష్టమే అన్నాడట. వచ్చిన దరఖాస్తులు 151! చాలామందిని చోటు లేదని తిప్పి పంపవలసి వచ్చింది. మన ఆడపిల్లలు చదవరు, మన పెద్దలు పంపరు అని పైనున్నవాళ్ళు అనుకుంటున్నారు. పిల్లలేమో గుమ్మం దగ్గర నిలబడే ఉన్నారు. లేనిదల్లా లోపల చోటు.

వాళ్ళు చదివింది ఎల్.ఎం.పి. అనే లైసెన్సు చదువు, విశ్వవిద్యాలయం డిగ్రీ కాదు. 1930ల చివర్లో మద్రాసు ప్రభుత్వం ఇక లైసెన్సు చదువు వద్దు, డిగ్రీయే ఉండాలని నిర్ణయించింది. మంచి నిర్ణయమే. కానీ వెల్లూరుకు అది ప్రాణం మీదికి వచ్చింది. విశ్వవిద్యాలయం గుర్తింపు ఇవ్వాలంటే పడకలు బాగా పెరగాలి, పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లు కావాలి, ప్రయోగశాలలు కావాలి. ఇవన్నీ లేకపోతే స్కూలు మూసుకోవాలి. డెబ్భై దాటిన వయసులో, ప్రపంచ యుద్ధం సాగుతుండగా, ఐడా స్కడర్ అమెరికాలో ఊరూరా తిరిగి చందాలు పోగుచేసింది. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయం ఎం.బి.బి.ఎస్. చదువుకు అనుమతి ఇచ్చింది. 1947 నుంచి అబ్బాయిలను కూడా చేర్చుకున్నారు. నర్సింగ్‌లో డిగ్రీ చదువు కూడా 1946లోనే ఢిల్లీలోనూ వెల్లూరులోనూ మొదలైంది.

అదే 1946లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన పనిచేసిన కమిటీ తన నివేదిక ఇచ్చింది. అందులోని లెక్కలు చూస్తే గుండె గుభేలుమంటుంది. మన దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు. నర్సులో? 43,000 మందికి ఒక్కరు! దేశం మొత్తానికి నర్సులు ఏడు వేలు. అదే రోజుల్లో ఇంగ్లండులో సుమారు 300 మందికి ఒక నర్సు ఉండేది. డాక్టర్ల కొరతను మనం ఎప్పుడూ చెప్పుకుంటాం. నర్సుల కొరత అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అన్న సంగతి మాత్రం మన చెవిన పడదు. రోగికి డాక్టరుగారు కనిపించేది పది నిమిషాలు. మిగిలిన ఇరవైమూడు గంటల చిల్లర గడిచేది నర్సు చేతుల్లోనే కదా!

రోగి ఇంటి పరిస్థితి కనుక్కుని, మందులకు డబ్బు ఉందో లేదో చూసి, ఇంటికి వెళ్ళాక దిక్కెవరో ఆలోచించే ఉద్యోగం కూడా ఒకటుంది. ఆస్పత్రి సోషల్ వర్కర్ అంటారు. ఆ చదువుకు బొంబాయిలో 1936లో టాటాలు ఒక సంస్థ పెట్టారు. 1946లో అక్కడి జె.జె. ఆస్పత్రిలో మొదటిసారి అలాంటి ఉద్యోగిని నియమించారు. అది కూడా ఆస్పత్రిలో నిలబడి నేర్చుకునే విద్యే.

సీట్లు పెరిగినా వాటిలో కూర్చోవడానికి పిల్లలకు మెట్రిక్ చదువైనా ఉండాలి కదా? ఈ చిక్కుముడి విప్పింది మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. కాకినాడ ఆడపడుచు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను కూర్చోబెట్టి, కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారు చేయించడం మద్రాసులో ఆంధ్ర మహిళా సభ తొలి పనుల్లో ఒకటి. తర్వాత ఆవిడ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో పెద్దవయసు స్త్రీలకు సంక్షిప్త విద్య పథకం పెట్టింది. రెండేళ్ళలో పరీక్షకు తయారై నర్సుగా, మంత్రసానిగా, పంతులమ్మగా శిక్షణకు వెళ్ళవచ్చు. ఎందరో వితంతువులూ, భర్త వదిలేసిన ఆడవాళ్ళూ ఆ దారిన తమ కాళ్ళ మీద తాము నిలబడ్డారు.

మన తెలుగు నేల మీద విశాఖపట్నంలో 1923లో మెడికల్ కాలేజీ వచ్చింది, గుంటూరులో 1946లో. ఆ తర్వాత హైదరాబాదు గాంధీ 1954, కర్నూలు 1956, కాకినాడ 1958, వరంగల్లు 1959, తిరుపతి 1960. కాకినాడ రంగరాయ కాలేజీ ప్రైవేటు విరాళాలతో మొదలైంది. అయినా విద్యార్థులు పని నేర్చుకోవడానికి ఊళ్ళో ప్రభుత్వ ఆస్పత్రి సిద్ధంగా ఉండబట్టే అది నిలదొక్కుకుంది. ఆఖరుకు ప్రభుత్వం చేతికే వచ్చింది. 1986లో విజయవాడలో ఈ చదువులన్నిటికీ కలిపి ఒక ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలిసింది. తెలంగాణ ఏర్పడ్డాక వరంగల్లులోనూ అటువంటిదే ఒకటి వచ్చింది.

ఇప్పుడు లెక్కలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. 2013-14లో దేశంలో ఎం.బి.బి.ఎస్. సీట్లు 51,348. పదేళ్ళలో అవి లక్ష దాటాయి. 2023 బడ్జెట్‌లో కొత్త మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెడతామని ప్రకటించారు. వాటి పక్కనే అనడంలో అర్థం ఉంది. ఆస్పత్రి అక్కడ ఉంది గనుక. వందమంది మెడికల్ విద్యార్థులను ఏటా చేర్చుకోవాలంటే 420 పడకలు ఉండాలని 2023 నాటి నిబంధన. పడకలుంటే చాలదు, వాటిలో రోగులూ ఉండాలి. ఇన్‌స్పెక్షన్ రోజున పరచి మర్నాడు ఎత్తేసే పడకల మీద ఏ పిల్లా నాడి పట్టడం నేర్చుకోలేదు.

మరి మనం చేయవలసిందేమిటి? పిల్లను నర్సింగులో గాని, ఫిజియోథెరపీలో గాని, మెడిసిన్‌లో గాని చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, బస్సు ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. శిక్షణ ఇచ్చే ఆస్పత్రి ఏది? ఎన్ని పడకలు? రోజూ ఎంతమంది రోగులు వస్తారు? పురుళ్ళ వార్డు ఉందా? దగ్గరుండి నేర్పేవారెవరు? హాస్టలు ఆస్పత్రికి ఎంత దూరం? రాత్రి డ్యూటీ నాడు పిల్లను ఎవరు దిగబెడతారు? ఆ ఆస్పత్రికి ఒకసారి వెళ్ళి, వరండాలో కాసేపు కూర్చుని చూడండి. ఏ కరపత్రం చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

ఇంకొక్క మాట. డాక్టరు సీటు వస్తే వీధంతా మిఠాయి పంచుతాం. నర్సింగ్ సీటు వచ్చిందంటే మాత్రం, "అయ్యో, ఇంకేమీ రాలేదా?" అని అడిగేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. పెళ్ళిచూపుల్లో పిల్ల నర్సని తెలిస్తే మొహం చిట్లించే అత్తగార్లూ ఉన్నారు. ఆ అత్తగారే మోకాలి ఆపరేషనుకు పడుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టేది ఎవరు? ప్రభుత్వాలు సీట్లు పెంచవచ్చు, పడకలు వేయవచ్చు. ఆ చదువుకు ఇంట్లో గౌరవం పెంచడం మాత్రం మన చేతిలో పని. 1918లో వెల్లూరు గుమ్మం దాకా వచ్చిన 151 మంది పిల్లల వెనుక కూడా, వెళ్ళిరమ్మని సాగనంపిన తల్లులు ఉండే ఉంటారు.