లిమిటెడ్ అంటే ఎవరికి లిమిటు?

మేం ముగ్గురు స్నేహితులం కలిసి ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడదామని ఆర్నెల్లుగా అనుకుంటున్నాం. మొన్న ఆడిటరు గారి దగ్గరికెళితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తయారుచేస్తారు?" అని కాదు, "పార్ట్‌నర్‌షిప్పా, ఎల్‌ఎల్‌పీనా, ప్రైవేట్ లిమిటెడ్డా?" అని. ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఇంటికొచ్చి ఈ సంగతి ఫోన్లో పెదనాన్నకి చెబితే ఒకటే మాట అన్నాడు: "ఏదైనా పెట్టుకోరా, పార్ట్‌నర్‌షిప్ మాత్రం వద్దు."

ఎందుకన్నాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. పెదనాన్న ఒకప్పుడు నలుగురితో కలిసి రైసుమిల్లు నడిపాడు. అందులో ఒకాయన మిల్లు పేరు మీద ఊరంతా అప్పులు చేసి, ఓ రోజు ఐపీ పెట్టాడు. (ఐపీ అంటే అడ్రసు అనుకునే ఉద్యోగం నాది. కానీ మా ఊళ్ళో ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, చేతులెత్తేయడం :)) మిగతా వాళ్ళ పేర్న ఏమీ లేదు. పెదనాన్నకి ఇల్లుంది. అప్పులాళ్ళందరూ ఆ ఇంటి ముందుకే వచ్చారు. మన 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం అది న్యాయమే. సంస్థ అప్పుకి ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడు, ఎవరి దగ్గర దొరికితే వాళ్ళ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఇల్లు అమ్మేశాడు.

ఇక అప్పట్నుంచీ నాలుగు దేశాల్లో వ్యాపారాన్ని ఏయే రూపాల్లో పెట్టుకోనిస్తారో చదువుతూ కూర్చున్నాను. చదివేకొద్దీ నాకర్థమైంది ఏంటంటే, పేర్లు ఎన్నున్నా అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: వ్యాపారం మునిగితే ఎవరి ఇల్లు పోవాలి?

ముందు ఇంగ్లండు సంగతి. పంతొమ్మిదో శతాబ్దం సగం దాకా అక్కడ మామూలు వ్యాపారికి పరిమిత బాధ్యత లేదు. రాజుగారి చార్టరో, పార్లమెంటు ప్రత్యేక చట్టమో ఉన్న పెద్దవాళ్ళకే ఆ భాగ్యం. 1844లో కంపెనీని రిజిస్టరు చేసుకునే వీలొచ్చింది గానీ అప్పుల బాధ్యత వాటాదారుల నెత్తిమీదే ఉండిపోయింది. 1855లో పరిమిత బాధ్యత చట్టం వచ్చింది, కనీసం 25 మంది వాటాదారులుండాలన్న షరతుతో. మరుసటేడే ఆ సంఖ్యని 7కి దించారు. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టారు, పేరు చివర "లిమిటెడ్" అని ఉండి తీరాలి. ఇప్పుడు మనం అదేదో హోదా అన్నట్టు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసుకుంటాం గానీ, అసలు అది అప్పిచ్చేవాడికి హెచ్చరిక! "బాబూ, నా దగ్గర ఇంతకు మించి దొరకదు, చూసుకుని ఇవ్వు" అని. 1857లో మన దేశంలోనూ ఇలాంటి చట్టమే వచ్చింది.

ఈ రక్షణ లేకపోతే ఏమవుతుందో 1878లో స్కాట్లండులో తెలిసొచ్చింది. ఆ అక్టోబరులో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు మూతపడింది. అది లిమిటెడ్ కాదు. 1,819 మంది వాటాదారులు. వంద పౌండ్ల వాటా ఉన్నవాణ్ణి ముందు 500, తర్వాత 2,250 పౌండ్లు కట్టమన్నారు. చివరికి దివాలా తీయకుండా మిగిలింది 254 మంది. వేరేవాళ్ళ తరఫున ట్రస్టీలుగా వాటాలు పట్టుకున్నవాళ్ళని కూడా కోర్టు వదల్లేదు. పెదనాన్న కథ ఊరూరా జరిగిందన్నమాట.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. లండన్లో ఏరన్ సాలమన్ అని బూట్ల వ్యాపారి. 1892లో తన వ్యాపారాన్ని తనే పెట్టిన కంపెనీకి అమ్మేశాడు. చట్టానికి ఏడుగురు కావాలి కదా, అందుకని భార్యకీ అయిదుగురు పిల్లలకీ తలా ఒక్క వాటా ఇచ్చి, 20,001 వాటాలు తను ఉంచుకున్నాడు. పైగా అదే కంపెనీకి పది వేల పౌండ్లు అప్పిచ్చినట్టు తాకట్టు పత్రాలూ రాయించుకున్నాడు. ఏడాదిలో కంపెనీ మునిగింది. ఉన్న ఆస్తి తాకట్టు ఉన్నవాళ్ళకే చాలలేదు, సరుకు అరువిచ్చినవాళ్ళకి ఏమీ మిగల్లేదు. కింది కోర్టులు "ఇది బోగస్ కంపెనీ, సాలమనే కట్టాలి" అన్నాయి. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం తిరగేసింది. పద్ధతి ప్రకారం రిజిస్టరయ్యాక కంపెనీ వేరు, సాలమన్ వేరు, దాని అప్పుకి ఆయన బాధ్యుడు కాదంది. పాపం సాలమనూ మోసగాడేం కాదు, అప్పీలుకి ఖర్చుల్లేక పేదవాణ్ణని దరఖాస్తు పెట్టుకుని వెళ్ళాడు. కానీ మనిషి వేరు కంపెనీ వేరు అని లా కాలేజీల్లో ఈనాటికీ చెప్పే మొదటి కేసు ఇదే.

ఇంగ్లండులో కోర్టు ద్వారా జరిగిన పనిని జర్మనీవాళ్ళు 1892లో నేరుగా చట్టం రాసి చేశారు. దాని పేరు గేఎంబేహా. స్టాకు మార్కెట్టు జోలికి పోని చిన్న, మధ్య తరహా సంస్థల కోసం కొత్తగా తయారుచేసిన రూపం. అయితే ఉత్తి చేతులతో వస్తే కుదరదు, మూలధనం కనీసం 20,000 మార్కులుండాలన్నారు. ఇప్పుడది 25,000 యూరోలు. ఇంగ్లండు పద్ధతి "అప్పిచ్చేవాడా, నువ్వే చూసుకో" అంటే, జర్మనీ పద్ధతి "అప్పిచ్చేవాడి కోసం కొంత సొమ్ము ముందే అక్కడ పెట్టు" అంటుంది. (2008లో ఒక్క యూరోతో మొదలెట్టే చిన్న రూపం కూడా పెట్టారు, కానీ లాభంలో నాలుగో వంతు నిల్వగా పక్కన పెడుతూ రావాలి.)

ఫ్రాన్సుకి ఇది వచ్చిన దారి ఇంకా తమాషాగా ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆల్సేస్-లొరైన్ జర్మనీ నుంచి ఫ్రాన్సుకి తిరిగొచ్చింది. అక్కడి వ్యాపారులకి గేఎంబేహా అలవాటైపోయింది, వదులుకోమన్నారు. దాంతో 1925లో ఫ్రాన్సు కూడా ఎస్‌ఏఆర్‌ఎల్ అని అలాంటిదే తెచ్చుకుంది. గెలిచినవాడు ఓడినవాడి చట్టాన్ని తెచ్చుకోవడమంటే ఇదే!

అమెరికా ఎల్‌ఎల్‌సీ పుట్టుక చూడండి. హామిల్టన్ బ్రదర్స్ అనే చమురు కంపెనీకి భాగస్వామ్య సంస్థకుండే పన్ను సౌకర్యమూ కావాలి, కార్పొరేషన్‌కుండే రక్షణా కావాలి. పనామాలో అలాంటిది చూసొచ్చి, 1977లో వయోమింగ్ రాష్ట్రం చేత చట్టం చేయించుకుంది. 1988లో పన్ను శాఖ సరేననేదాకా పెద్దగా ఎవరూ దాని మొహం చూడలేదు. తర్వాత అన్ని రాష్ట్రాలూ పాటించాయి.

మరి మన దగ్గర? మనకి ఇవేవీ రాకముందే ఉమ్మడి కుటుంబం ఉంది. అందులో వ్యాపారం అప్పుకి కర్త పూర్తిగా బాధ్యుడు, మిగతా వాటాదారుల బాధ్యత ఉమ్మడి ఆస్తిలో వాళ్ళ వాటా మేరకే. అంటే ఒక రకం లిమిటెడ్డే! కానీ పక్కనే ఇంకో సూత్రం ఉండేది, తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమని. ఆ కారణం ఒక్కటే చూపించి కొడుకుల మీదికి వెళ్ళడానికి వీల్లేదని చట్టం చెప్పింది 2005లో, అదీ ఆ తర్వాత చేసిన అప్పులకి. ఇక ఎల్‌ఎల్‌పీ చట్టం 2008లో వచ్చింది, ఒక్కడే కంపెనీ పెట్టుకునే వీలు 2013లో. అంతకుముందు ప్రైవేట్ లిమిటెడ్‌కి కనీసం ఇద్దరు కావాలి కాబట్టి భార్య పేరునో తమ్ముడి పేరునో ఒక వాటా రాసేవాళ్ళం. సాలమన్ గారి దారే కదూ.

ఇదంతా పెదనాన్నకి చెప్పి, "నువ్వు అప్పుడే ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుంటే ఇల్లు మిగిలేది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ధాన్యం పోసినోళ్ళకి ఎవరిచ్చేవారురా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. లిమిటెడ్ అంటే నష్టం మాయమైపోవడం కాదు, వేరేవాడి ఇంటికి పోవడం. బ్యాంకు తెలివైంది, చిన్న కంపెనీకి అప్పివ్వాలంటే డైరెక్టర్ల సొంత హామీ రాయించుకుంటుంది. అంటే బ్యాంకు విషయంలో మా ఇళ్ళకి లిమిటు లేనట్టే. లిమిటు నిజంగా పనిచేసేది హామీ అడగలేనివాళ్ళ మీద. ధాన్యం అరువు పోసిన రైతు, నెలాఖరు జీతం కోసం చూసే ఉద్యోగి.

అలాగని పార్ట్‌నర్‌షిప్ పెట్టేంత ధైర్యం నాకు లేదు. స్నేహితుడు చేసిన తప్పుకి అమ్మావాళ్ళ ఇల్లు పోకూడదు. ప్రైవేట్ లిమిటెడ్డే పెడుతున్నాం. కానీ ముగ్గురం ఓ కాయితం మీద ఒక్క వాక్యం రాసుకుని సంతకాలు పెట్టాం: బ్యాంకులో మూడు నెలల జీతాలకి సరిపడా డబ్బు లేని రోజున కంపెనీ మూసేయాలి, ఉన్నది ముందు పనిచేసినవాళ్ళకి పంచాలి. ఏ చట్టమూ మమ్మల్ని ఇది రాయమనలేదు. కోర్టులో నిలుస్తుందో లేదో ఆడిటరు గారినే అడగాలి.

మీలో ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే చెప్పండి, ఇంకా ఏం రాసుకోవాలో తెలుస్తుంది.