వైద్యులపై దాడులు – ఒక పాత చట్టం చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం ఇవ్వమని మన సంఘ కార్యదర్శి గారు అడిగారు. వైద్య ఆరోగ్య శాఖలో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేసిన నాకు తెలిసినవి ఫైళ్లు, రిజిస్టర్లే. అందుచేత కరోనా కాలంలో వైద్య సిబ్బందిపై జరిగిన దాడుల గురించి, వారి రక్షణకు వచ్చిన చట్టాల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించింది. దాన్ని అదుపు చేయడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం తెచ్చింది. నాలుగే సెక్షన్ల చట్టం. ఉత్తర్వులు మీరిన ప్రజలకు శిక్ష ఉంది. సదుద్దేశంతో పనిచేసిన వారిపై దావా వేయరాదని ఉంది. పనిలో ఉన్నవారిని ఎవరైనా కొడితే ఏమిటన్నది మాత్రం లేదు. ఆ ఏడాదే పూనాలో ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ సైనికులతో ఇళ్లు సోదా చేయించాడు. జనం మండిపడ్డారు. జూన్ 22న చాపేకర్ సోదరులు అతనిపై కాల్పులు జరిపారు. రాండ్ వైద్యుడు కాడు, అధికారి. అయినా బలవంతంగా చేసే వైద్యమంటే జనానికి ఎంత భయమో, ఎంత కోపమో ఆ ఘటన చెబుతుంది.

ఆ భయం నేనూ ఎరుగుదును. నా చిన్నతనంలో పెన్‌పహాడ్‌కు మశూచి టీకాలు వేసేవారు వస్తున్నారంటే పిల్లలం గడ్డివాముల వెనక దాక్కునేవాళ్లం. పెద్దలు వాళ్లను తిట్టి పంపేవారు. ఆ తిట్లు పడ్డవారి శ్రమవల్లనే 1977లో మన దేశం మశూచి లేని దేశమైంది.

ఉద్యోగంలో ఉండగా ఒక ఆసుపత్రిలో జరిగిన సంగతి మరువలేను. ఒక రాత్రి కాన్పు కష్టమై తల్లి చనిపోయింది. బంధువులు డ్యూటీ డాక్టరును కొట్టి, అద్దాలు, మందుల బీరువా పగలగొట్టారు. తెల్లవారి పగిలిన వస్తువుల జాబితా స్టాకు రిజిస్టరు చూసి నేనే రాశాను. పెద్దమనుషులు రాజీ చేశారు. ఫిర్యాదు వెళ్లలేదు. డాక్టరు గారు బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. ఆమెకు సకాలంలో రక్తం ఎందుకు దొరకలేదని కూడా ఎవరూ విచారించలేదు. ఫైలు అక్కడే మూతపడింది.

నేను పదవీ విరమణ చేసిన 2008లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైద్య సిబ్బందిపై హింసను, ఆసుపత్రుల ఆస్తి నష్టాన్ని నివారించే చట్టం వచ్చింది. దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా.

ఇక 2020. సూర్యాపేట మార్కెట్ ప్రాంతం నుండి కరోనా పాకి, ఏప్రిల్‌లోనే జిల్లా కేసులు 80 దాటాయి. ఏప్రిల్ 1న హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి మరణించగా బంధువులు వైద్యులపై దాడి చేశారు. అదే రోజు ఇండోర్‌లో పరీక్షలకు వెళ్లిన సిబ్బందిపై రాళ్లు రువ్వారు. ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. సెప్టెంబరులో అది చట్టమైంది. దాడికి 3 నెలల నుండి 5 ఏళ్లు, తీవ్ర గాయమైతే 6 నెలల నుండి 7 ఏళ్లు జైలు. బెయిలు హక్కుగా దొరకదు. దర్యాప్తు 30 రోజుల్లో ముగియాలి. పాడైన ఆస్తికి మార్కెట్ విలువకు రెట్టింపు చెల్లించాలి.

ఇందులో మన ప్రాంతం వారు గమనించవలసిన విశేషం ఒకటుంది. 1956 నవంబరు 1కి ముందు ‘బి’ భాగ రాష్ట్రాలుగా ఉన్న ప్రాంతాలకు ఈ చట్టం వర్తించదని 1897 చట్టంలో మినహాయింపు ఉండేది. మన హైదరాబాద్ రాష్ట్రం అందులోదే. ఆ మాటలను 2020 సవరణే తొలగించింది.

చట్టం వచ్చినా దాడులు ఆగలేదు. జూన్ 9న గాంధీలోనే మరో జూనియర్ డాక్టరును కొట్టారు. జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. భద్రతతో పాటు వారు అడిగింది ఏమిటి? రోగులందరినీ ఒక్క గాంధీకే పంపవద్దని, సిబ్బందిని పెంచమని. నా దృష్టిలో అది కూడా రక్షణే.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఆ ఏప్రిల్‌లో ఆశా కార్యకర్త మా ఇంటికి వస్తే, ముప్పై ఆరేళ్లు ఆరోగ్య శాఖ ఉప్పు తిన్న నేను గేటుకు గొళ్లెం పెట్టి, "ఇటు రాకు" అని కసిరాను. ఆమె బయటే నిలబడి, "గేటు తియ్యకున్నా మంచిదే సారూ, ఇంట్ల ఎవరికన్నా జ్వరమున్నదా చెప్పుండ్రి" అన్నది. మరుసటి ఏడాది నన్ను టీకాకు తీసుకుపోయింది కూడా ఆమే. 2020 చట్టం రక్షించేవారిలో ఆమె వంటి కార్యకర్తలూ ఉన్నారు.

అయితే ఆ చట్టం అంటువ్యాధి కాలానికే. మామూలు రోజులకు దేశమంతటికీ ఒకే చట్టం కోసం 2019లో కేంద్రం ముసాయిదా తయారుచేసింది గాని పార్లమెంటులో పెట్టలేదు. 2024 ఆగస్టులో కలకత్తా వైద్యురాలి హత్య తరువాత, దాడి జరిగిన 6 గంటల్లోగా సంస్థ అధిపతే పోలీసు ఫిర్యాదు చేయాలని కేంద్ర ఆసుపత్రులకు ఆదేశం వచ్చింది. దెబ్బలు తిన్న డాక్టరే ఒంటరిగా స్టేషనుకు పోవలసిన పని లేకుండా, ఈ నియమం ప్రతి ఆసుపత్రికీ రావాలి.

అలాగే రోగి పరిస్థితి ఎప్పటికప్పుడు బంధువులకు అర్థమయ్యే తెలుగులో చెప్పే మనిషి ప్రతి ఆసుపత్రిలో ఉండాలి. మన సంఘం తరఫున ఈ రెండు కోరికలతో జిల్లా అధికారులకు వినతిపత్రం ఇవ్వవలసిందిగా మనవి. ముసాయిదా రాసే పని నాకు అప్పగిస్తే సంతోషిస్తాను.