చెరువు సంఘానిది, గట్టు ఎవరిది?

పెదపాడు నుంచి దక్షిణానికి దిగుతుంటే వరిచేలు వెనకబడి చేపల చెరువులు మొదలవుతాయి. పెదపాడు, ఏలూరు, దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు, నిడమర్రు, ఆకివీడు, కైకలూరు, మండవల్లి మండలాలన్నిటికీ కొల్లేరు సరస్సులో కొంత భాగం ఉంది. సర్కారు సొమ్ముతో ఊరి సంఘాలు నడిపిన చెరువుల కథ ఇక్కడ 1976లో మొదలైంది.

అంతకుముందు కొల్లేరు పెట్టింది తినడమే లంకవాసుల బతుకు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లు తెచ్చి పోస్తే అవి సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వానాకాలంలో వలలతో, మావులతో చేపల వేట. వేసవిలో నీరు తీసిన నేలలో పైరు. వరదొస్తే రెండూ పోయేవి.

1976 అంటే ఇందిరాగాంధీ ఇరవై సూత్రాల కార్యక్రమం దేశమంతా మోగుతున్న రోజులు. రాష్ట్రంలో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. లంక గ్రామాల్లోని మత్స్యకారులతో, పేదలతో సహకార సంఘాలు పెట్టించి, సరస్సు అడుగు భూమి ఆ సంఘాలకిచ్చి, ప్రభుత్వమే నూరుకు పైగా చెరువులు తవ్వించింది. భూమి సర్కారుది, తవ్వకం ఖర్చు సర్కారుది, పెంపకం మాత్రం సభ్యులది. వచ్చిన ఆదాయం వాళ్లంతా పంచుకోవాలన్నది ఏర్పాటు.

అజమాయిషీకి చట్టం లేకపోలేదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఏటా ఆడిట్ జరగాలి. అనుమానం వస్తే 51 కింద విచారణ, సొమ్ము తేడా వస్తే 60 కింద సర్‌ఛార్జి, పాలకవర్గం దారి తప్పితే 34 కింద రద్దు. మత్స్యకార సంఘాలపై ఈ కన్ను వేయాల్సింది మత్స్యశాఖ అధికారులు.

చిక్కంతా ఆ కన్ను వాలిన చోట ఉంది. ఆడిటర్ చూసేది నగదు పుస్తకం, రసీదులు, సర్వసభ్య సమావేశం తీర్మానాలు. చేపపిల్ల, మేత, మందు, కాపలా, లారీ వీటికి పెట్టుబడి పెట్టే స్తోమత సభ్యులకు లేదు. 1980ల తర్వాత చేపల సాగు లాభసాటి వ్యాపారమయ్యాక ఆ పెట్టుబడితో లీజుదార్లు దిగారు. చెరువు పాటకు వెళ్లింది. ఏటా తలకింతని పంచే సొమ్ము సభ్యుడి చేతికొచ్చింది, మిగిలిన లాభం లీజుదారుడి ఖాతాలో పడింది. కొందరు తమ చెరువు గట్టు మీదే కూలికి కుదిరారు. లీజు డబ్బు జమలో కనిపిస్తే పుస్తకం సరిగానే ఉన్నట్టు. చెరువు ఎవరు సాగు చేస్తున్నారన్న ప్రశ్నకు పుస్తకంలో గడి లేదు.

సంఘాల చెరువుల పక్కనే వేరే చెరువులు పుట్టుకొచ్చాయి. వాటికి సంఘమూ లేదు, ఆడిటూ లేదు. గట్లు నీటి దారికి అడ్డుపడి, ఎగువన పొలాలు మునిగాయి.

1999 అక్టోబరులో ప్రభుత్వం జీఓ 120తో సముద్రమట్టానికి +5 అడుగుల ఎత్తు గీత (కాంటూరు) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేల అయింది. గట్లు మాత్రం అలాగే ఉన్నాయి. చివరకు సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ కదిలాక, 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ హయాంలో ‘ఆపరేషన్ కొల్లేరు’ సాగింది. పొక్లెయిన్లు గట్లు కొట్టేశాయి, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలూ వాడారు. అక్రమంగా లేచిన చెరువులతో పాటు, ఒకప్పుడు సర్కారే తవ్వించి ఇచ్చిన సంఘాల చెరువులూ పోయాయి.

లీజుదారుడు పెట్టుబడి పట్టుకుని మరో చోటికి పోగలడు. లంకలో ఉండిపోయిన సభ్యుడికి మిగిలింది సంప్రదాయ వేట. అందుకే ‘సరిహద్దు తగ్గించండి’ అన్న కోరిక అక్కడి నుంచి బలంగా లేచింది. 2008లో అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అందుకు ఒప్పుకోలేదు.

గట్లు మళ్లీ లేస్తున్నాయన్న ఫిర్యాదులు ఆ తర్వాతా ఆగలేదు. 2022 ఏప్రిల్‌లో ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చి, కైకలూరు వైపు కొల్లేటినీ తనలో కలుపుకుంది. ఇప్పటికీ సంఘం రిజిస్టరు మత్స్యశాఖ దగ్గర, భూమి లెక్క రెవెన్యూ దగ్గర, అభయారణ్యం హద్దు అటవీశాఖ దగ్గర ఉన్నాయి.