పేరుకై వెదకిన నొప్పి

ఒడలంతయు నొప్పి అని చెప్పుకొనువారిని మనము "ఎక్కడ?" అని అడుగుదుము. "అంతటా" అను జవాబు మనకు తృప్తి నివ్వదు; వైద్యులకును చిరకాలము ఇవ్వలేదు.

1904లో లండను వైద్యుడు విలియం గోవర్స్ నడుము నొప్పిని గూర్చి ఉపన్యసించుచు 'ఫైబ్రోసైటిస్' అను పదమును కల్పించెను. కండరములలోని పీచుపొరలకు వాపు వచ్చునని ఆయన ఊహ. పేరు డెబ్బది యేండ్లు నిలిచినది; వాపు మాత్రము రుజువు కాలేదు. 1976లో ఫిలిప్ హెంచ్ దానిని 'ఫైబ్రోమయాల్జియా' అనెను. పేరులోనుండి వాపు పోయి నొప్పి మిగిలినది.

1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఒక కొలత నిర్ణయించెను. కుడియెడమల, నడుమునకు పైనను క్రిందను, వెన్నెముక వెంటను మూడు మాసములు నొప్పి యుండవలెను. 18 స్థానములను సుమారు 4 కిలోల బలముతో వ్రేలితో నొక్కగా 11 చోట్లనైన నొప్పి తోచవలెను. పదింట మాత్రమే నొచ్చిన ఇల్లాలి సంగతి ఏమని మేము అడుగుచున్నాము. నిజమునకు ఆ లెక్క పరిశోధకులకై చేసినది. మామూలు వైద్యులలో పలువురు ఆ నొక్కుట చేయనే లేదు.

2010లో నొక్కుట మాని, 19 శరీరభాగములలో ఎన్నింట నొప్పియో, అలసట యెంతయో, నిద్ర లేచినను బడలిక తీరదేమో అడిగి తెలిసికొనుట మొదలైనది. రక్తపరీక్షలు ఇతర వ్యాధులు లేవని తేల్చుటకే. 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన వ్యాధుల పట్టికలో ఇట్టి నొప్పి మరొకదాని లక్షణముగా గాక, తానే వ్యాధిగా చేరినది.