కుంఫిణీ వెనుక కూటమి – మన్రోలప్ప కథ

ఒక మహా వ్యాపారసంస్థ, దాని వెనుక ఎవరికీ తెలియని ఒక గూఢసంఘం, ఆ సంఘం ఆజ్ఞలను నెరవేర్చే ఒక సమర్థుడైన ఉద్యోగి – ఈ మూడింటినీ కలిపి అల్లిన కథలు డిటెక్టివు నవలలలోను, ఆంగ్ల చలనచిత్రాలలోను కోకొల్లలు. వాటిలో సభ్యులు ముసుగులు ధరించి నేలమాళిగలలో సమావేశమవుతారు. మన కడప సీమ చరిత్రలో ఇటువంటి ఉదంతం నిజంగానే ఉన్నది. అందులో ముసుగులు లేవు, నేలమాళిగలు లేవు. ఆ గోప్యతకు సాక్షాత్తు బ్రిటిషు పార్లమెంటే చట్టం చేసిపెట్టింది.

ఆ సంస్థ ఈస్టిండియా కంపెనీ. మన పెద్దల నోట కుంఫిణీ. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన సన్నదుతో పుట్టిన ఈ వర్తక సంఘానికి లండనులో 24 మంది డైరెక్టర్లు ఉండేవారు. వాటాదారులు వారిని ఎన్నుకొనేవారు. పైకి కనిపించే కుంఫిణీ ఇదే. 1784లో ప్రధాని విలియం పిట్ తెచ్చిన చట్టం దీనిపైన బోర్డు ఆఫ్ కంట్రోల్ అనే ప్రభుత్వ మండలిని కూర్చోబెట్టింది. ఆ చట్టమే డైరెక్టర్లలో ముగ్గురికి మించకుండా ఒక ‘సీక్రెట్ కమిటీ’ని, అనగా రహస్య సంఘాన్ని, ఏర్పరచింది. ఆ సభ్యులు గోప్యతకు కట్టుబడి ప్రమాణం చేయవలెను. యుద్ధము, సంధి, దేశీయ ప్రభువులతో ఒప్పందములు – వీటికి సంబంధించిన రహస్య లేఖలు ఇండియా నుండి ఈ సంఘం పేరనే వచ్చేవి. బోర్డు వ్రాసి ఇచ్చిన ఉత్తరువులపై ఈ ముగ్గురూ సంతకం చేసి ఓడకెక్కించేవారు. తక్కిన డైరెక్టర్లకు వాటిలో ఏమున్నదో తెలియదు.

ఈ ఏర్పాటు ఎంత దూరం పోగలదో తర్వాతి కాలపు ఆఫ్ఘన్ యుద్ధం (1838–42) తేటతెల్లం చేసింది. నాటి బోర్డు అధ్యక్షుడు జాన్ హాబ్‌హౌస్, ఆ యుద్ధం తన పనియేనని, డైరెక్టర్ల సభకు తెలియకుండానే జరిగిందని అనంతరం పార్లమెంటు విచారణ సంఘం ముందు చెప్పుకొన్నాడు. ఖర్చు మాత్రం హిందూదేశపు పన్నుల నుండియే పోయింది. యజమానులనుకొన్నవారికే తెలియని యజమాని మరొకడున్నాడన్నమాట.

ఇక మన సీమకు వద్దాము. 1792 శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సుల్తాను నుండి కడప ప్రాంతం నిజాముకు వచ్చింది. 1799 మే 4న టిప్పు మరణించగా, ఆ రాజ్యాన్ని పంచినప్పుడు గుత్తి, గుర్రంకొండ కూడా నిజాము వాటాకు పడినవి. ఆ పంపకపు కమిషనుకు కార్యదర్శులు ఇద్దరు: జాన్ మాల్కం, థామస్ మన్రో. ఏడాది తిరిగిందో లేదో, 1800 అక్టోబరు 12న నిజాము అలీఖాను తన రక్షణకని కుంఫిణీ సైన్యాన్ని ఉంచుకొని, దాని వ్యయం క్రింద ఈ భూములన్నీ కుంఫిణీకే ధారపోసినాడు. కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేత్తో పుచ్చుకొన్నట్లయినది. గవర్నరు జనరలు వెల్లస్లీ ఇటువంటి రాజకీయ వ్యవహారాలను లండనులోని రహస్య సంఘానికి, బోర్డు అధ్యక్షుడు హెన్రీ డండాస్‌కు నివేదించుకొనేవాడు. జమ్మలమడుగు రైతును గాని, ప్రొద్దుటూరు సాలెవానిని గాని, పులివెందుల గొల్లను గాని అడిగినవారు లేరు. నాటి నుండి 1928లో నంద్యాల సభ ‘రాయలసీమ’ అని నామకరణం చేసేవరకు మనం ‘దత్త మండలాల’ వారమే. ఆ పేరులోనే మనలను ఒకరు మరొకరికి ఇచ్చిన సంగతి ఉన్నది.

ఆ దత్తతకు నియుక్తుడైన కార్యనిర్వాహకుడే థామస్ మన్రో. 1780లో సామాన్య సైనిక శిక్షణార్థిగా (కాడెట్‌గా) మద్రాసులో దిగి, బారామహల్‌లోను, కన్నడ తీరంలోను శిస్తు పని నేర్చిన మన్రో, 1800 నుండి 1807 వరకు దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరు. ఆయన ఏ రహస్య సంఘంలోను సభ్యుడు కాడు. శిస్తు లేఖలు రహస్య శాఖవి కావు. అవి డైరెక్టర్ల సభకు బాహాటంగానే పోయేవి. కాని ఆయనను ఇక్కడకు తెచ్చిన సంధి మాత్రం రహస్యపు దారిన నడిచినది. నౌకరుకు తాను చేయవలసిన పని తెలుసును. ఆ పని ఎందుకు పుట్టినదో నిర్ణయించినవారు వేరు.

ఆ పని తేలికైనది కాదు. సీమలో ఇంచుమించు 80 మంది పాలెగాళ్లుండిరి. పులివెందులకు సమీపంలోని వేముల అట్టి పాళెములలో ఒకటి. కొందరికి భరణాలిచ్చి, కొందరిని సైన్యంతో వెడలగొట్టి మన్రో వారిని అణచినాడు. ఇందులో కాఠిన్యం ఎక్కువైనదని డైరెక్టర్లు ఆయనను మందలించిరి కూడా. ఆపైన ఊరూరూ తిరిగి, డేరాలలో కాపురముండి, పొలాలు కొలిపించి, రైతుతో సూటిగా శిస్తు కుదుర్చుకొనే రైత్వారీ పద్ధతి పెట్టినాడు. ఏడేళ్లలో శిస్తు నాలుగు లక్షల పౌండ్ల నుండి ఆరు లక్షల పైచిలుకు పౌండ్లకు పెరిగినది. సంస్థ దృష్టిలో ఇంతకంటె మంచి ఉద్యోగి ఎవడు?

అయితే 1807లో సెలవుపై వెళ్లేముందు ఆ ఉద్యోగియే, ఈ శిస్తు రైతు మోయలేడు, నూటికి 25 వంతులు తగ్గించవలెనని వ్రాసినాడు. మద్రాసు ప్రభుత్వం ఆ సిఫారసును పక్కకు నెట్టింది. రైత్వారీని ఎత్తివేసి గ్రామాలను మొదట మూడేళ్లకు, పిమ్మట పదేళ్లకు గుత్తకిచ్చింది. గుత్తదారు రైతును పిండినాడు, కుంఫిణీ గుత్తదారును పిండినది. ఎందరో రైతులు చితికిపోయిరి. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరై తిరిగి వచ్చిన తర్వాత గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. మధ్యన గడచినవి 13 ఏండ్లు. వానలు సరిగా కురియని మన సీమలో 13 ఏండ్లంటే ఒక తరం బ్రతుకు.

నేతవారి సంగతి కూడా చెప్పవలెను. కుంఫిణీ వస్త్ర వ్యాపారమంతా బయానాల మీద నడిచేది. ముందు సొమ్ము చేతిలో పెట్టి మగ్గాన్ని కట్టివేయడమన్నమాట. బారామహల్‌లో కుంఫిణీ ఉద్యోగులు పెద్ద నేతగాళ్లను ఒకచోట చేర్చి, తమకే బట్ట నేసి ఇస్తామని ఒప్పుకొనేదాకా కాపలా పెట్టి నిలిపివేసేవారని 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పినవాడు మరెవరో కాదు, ఈ మన్రోయే. అదే ఏడు చేసిన చట్టంతో హిందూదేశ వర్తకంలో కుంఫిణీ గుత్తాధిపత్యం తొలగింది. సంస్థ ఉప్పు తిన్నవాడే సంస్థ లోగుట్టు చెప్పడం ఆ మనిషి గొప్పతనం. అయినా ఆయన కొలువు మానలేదు.

ప్రజలు ఆయనను ప్రేమించినారు, సందేహం లేదు. మాండవ ఋషి అని పిలిచినారు, బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. పులివెందులకు అనతిదూరాన, వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చే గండి క్షేత్రమున్నది కదా. అక్కడ శ్రీరామునికై వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం మన్రోకు కనిపించిందనీ, వెంటనున్నవారికి కనిపించలేదనీ, ఆ తోరణం పుణ్యాత్ములకే, అదీ ఆయువు తీరబోయేముందే కనిపిస్తుందనీ స్థలపురాణం. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి ఆయన మరణించినాడు.

ఈ కథలో జనం మనస్సు ఎంత నిర్మలమో చూడండి. తమ గడపకు వచ్చి, తమ భాషలో మాట్లాడి, తమ పొలం గట్టున నిలిచిన మనిషిని వారు చూచినారు. మంచివాడని గ్రహించి పురాణంలో చేర్చుకొన్నారు. ఆయన వెనుకనున్న సంస్థను చూచే వీలు వారికి లేదు. అటువైపు నుండి మాత్రం అంతా కనిపించేది. మన్రో కొలతలలో మన పొలాలు, మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయతులలో మన గుళ్లు, చెరువులు, పాలెగాళ్ల వంశావళులు అన్నీ కాగితానికెక్కినవి. మన గుట్టు వారికి పూర్తిగా తెలిసినది. వారి గుట్టు మనకు ఇసుమంతైనా తెలియలేదు. పరిపాలన అంటే అదే అనిపిస్తుంది నాకు.

1858లో రాణి పాలన రాగా ఆ రహస్య సంఘం అంతరించింది. 1874లో కుంఫిణీయే రద్దయింది. మన్రోను తూలనాడడం నా ఉద్దేశం కాదు. కడప కలెక్టర్లందరూ ఆయనవంటివారైతే మన చరిత్ర మరోలా ఉండేది. కాని నౌకరు మంచితనం యజమానికి పూచీ కాజాలదు. ఆయన దయగలవాడు కనుకనే 25 వంతుల తగ్గింపు అడిగినాడు; యజమాని జవాబుదారీ లేనివాడు కనుకనే దానికి 13 ఏండ్లు పట్టినది. పెద్ద సంస్థ ఏదైనా మన ఊరికి వచ్చినప్పుడు, వచ్చిన మనిషి చిరునవ్వుతో పాటు అతడు ఎవరికి లెక్క చెప్పుకొంటాడో కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

కడప జిల్లా కైఫీయతులు ఇప్పుడు అచ్చులో ఉన్నవి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల బ్లాగు మిత్రులెవరైనా తమ ఊరి కైఫీయతును చదివి, ఇంట పెద్దలు చెప్పిన మన్రోలప్ప కథలను దానికి జతపరచి వ్రాయగలిగితే ఎంతో మేలు. మన గుట్టు మనమైనా ఒకసారి చదువుకొందాము.

శుభం.