పాపరు దావా: కట్టుబట్టల లెక్క

యూదుల ధర్మశాస్త్రం న్యాయాధిపతిని రెండువైపులా హెచ్చరిస్తుంది. లేవీయకాండం 19వ అధ్యాయం ప్రకారం గొప్పవాడి ముఖం చూసి తీర్పు చెప్పకూడదు. పేదవాడని పక్షం వహించనూ కూడదు. రెండో మాట కఠినంగానే తోస్తుంది. జాలి చూపవలసిన చోటు దానధర్మమే కాని తీర్పు కాదని వారి భావం. తాల్ముద్ పండితులు ఈ సూత్రాన్ని బట్టల దాకా తెచ్చారు. ఒకడు చింకిబట్టలతో, ఇంకొకడు ఖరీదైన ఉడుపులతో వస్తే, ధనికుడితో “నువ్వైనా అతనిలా కట్టుకో, లేదా అతనికి నీలాంటివి కట్టించు” అనాలట. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ తన ధర్మసంహితలో ఈ నియమాన్ని చేర్చాడు. సర్దుకోవలసిన భారం ధనికుడిదన్నది గమనించదగ్గ విషయం.

ఇక మన వేలూరు, గుడియాత్తం సంగతి. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా ఈ ఊళ్ళున్న ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. ఎల్లలు మారినా దావాల పద్ధతి మాత్రం రెండువైపులా ఒకటే: 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్.

కోర్టు ఫీజు కట్టలేనివాడికి ఆ కోడ్‌లోని 33వ ఆర్డరు ఒక దారి చూపింది. అదే పాపరు దావా. ఫీజు నిర్ణయం కాని దావాల్లో పాపరు ఎవరంటే, ఒంటిమీది అవసరమైన బట్టలు, దావాలోని ఆస్తి మినహా వంద రూపాయల ఆస్తి లేనివాడు. మళ్ళీ బట్టలే! అయితే ఇక్కడ అవి పేదరికాన్ని కొలవడానికి వచ్చాయి. అర్జీదారు తన ఆస్తి జాబితా ఇవ్వాలి. సర్కారు ప్లీడరుకు, ఎదుటి పక్షానికి నోటీసు వెళుతుంది. ఇతను పేదవాడు కాడని వారు సాక్ష్యం తేవచ్చు. అసలు తగాదాకు ముందు పేదరికం మీద మరో తగాదా! పైగా ఫీజు మాఫీ కాదు, వాయిదా మాత్రమే. ఓడితే అతనే కట్టాలి.

అరబ్బీ నుంచి పారసీ మీదుగా వచ్చిన ‘ముద్దయీ’కి అర్థం వాది. తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడ్డవాడు. ఈ తారుమారు పాపరు అర్జీదారుకు బాగా అతుకుతుంది: వాదిగా వచ్చి, ముందు తానే విచారణకు నిలబడతాడు.

1976 సవరణ పాపరు అనే మాటను తీసేసి ‘నిర్ధన వ్యక్తి’ అనే అర్థమిచ్చే మాట పెట్టింది. వంద రూపాయలను వెయ్యి చేసింది. జప్తుకు లొంగని ఆస్తిని లెక్కలోంచి తప్పించింది. 60వ సెక్షను కింద వంటపాత్రలు, పక్కబట్టలు, చేతిపనివారి పనిముట్లు అలాంటివే. గుడియాత్తం వంటి నేత ఊళ్ళో ఇది చిన్న మార్పు కాదు. మగ్గం చూపించి నేతగాణ్ణి ఆస్తిపరుడనడం కష్టమైంది. ప్లీడరు లేని నిర్ధనుడికి కోర్టే ప్లీడరును ఇవ్వవచ్చునన్నదీ అప్పటి చేర్పే.

1987లో చేసిన న్యాయ సేవల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి అక్కడ ఆదాయ పరీక్ష లేదు. ఆదాయం చూపవలసినవారికి, నమ్మకపోవడానికి కారణముంటే తప్ప, సొంత అఫిడవిట్టే చాలవచ్చునని 13వ సెక్షను అంటుంది. 33వ ఆర్డరు పేదవాడికి ఆపాటి నమ్మకం ఇవ్వలేదు.