ఆర్క్‌రైట్ వారి ఇంటిపేరు

మన ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లే ఎక్కువ. ఇంగ్లండులో ఊళ్లతో పాటు చేతిపనులూ ఇంటిపేర్లయ్యాయి. కమ్మరి స్మిత్, దర్జీ టేలర్ వీధికొకరు తగులుతారు. నేనుండే డెర్బీషైరులో మాత్రం అరుదైన పేరొకటి ఉంది: ఆర్క్‌రైట్. ఆ మాట వినగానే ఇక్కడి పెద్దవాళ్లు నవ్వుతారు. 1976లో మొదలైన టీవీ హాస్య ధారావాహికలో రోనీ బార్కర్ వేసిన నత్తి దుకాణదారు పేరు అది.

రైట్ అంటే చేసేవాడు. బండ్లు చేస్తే కార్ట్‌రైట్. ఆర్క్ అంటే నోవహు ఓడ కాదు. ఉత్తర ఇంగ్లండులో పిండి, ధాన్యం దాచుకునే పెద్ద కొయ్యపెట్టె అది. మన గాదెకు చిన్న చెల్లెలు (గాదె ఇంటిపేరువాళ్లు మనకూ ఉన్నారుగా!). ఓక్ పలకల్ని కొయ్యచీలలతో బిగించేవారు. నార్మన్లు 1066లో వచ్చాక మూడు నాలుగు వందల ఏళ్లలో ఇలాంటి పేర్లు తండ్రి నుంచి కొడుక్కి దిగడం మొదలైంది. కొడుకు పెట్టెలు చేసినా మానినా పేరు పోలేదు.

1732లో లాంకషైరులోని ప్రెస్టన్‌లో పుట్టిన రిచర్డ్ ఆర్క్‌రైట్ చేసింది మంగలి పని. విగ్గుల కోసం జుట్టు కొంటూ ఊళ్లు తిరిగేవాడు. అలాంటివాడు 1769లో నూలు వడికే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని చేసిపెట్టింది జాన్ కే అనే గడియారాల పనివాడు. అసలు ఆలోచన ఎవరిదని కోర్టుకెక్కారు, చివరికి 1785లో అతను తర్వాత తీసుకున్న మరో పేటెంటు చెల్లదన్నారు. అప్పటికే మా డెర్బీషైరులోని క్రామ్‌ఫర్డ్‌లో 1771 నాటి నీటి మిల్లు అతన్ని కోటీశ్వరుణ్ణి చేసింది. అందులో పిల్లలచేత కూడా పని చేయించారు. ఆ సంగతి ఇక్కడి పొగడ్తల్లో తరచూ జారిపోతుంది.

కథ మన తీరాన్ని తాకేది ఇక్కడే. 1611లో మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొట్టు తెరిచింది. కోరమాండల్ అద్దకం బట్టలంటే ఇంగ్లండు ఎంత పడిచచ్చిందంటే, ఉన్ని, పట్టు నేతవాళ్లు గగ్గోలు పెట్టారు. 1721లో పార్లమెంటు అద్దకపు నూలుబట్టల్ని కట్టుకోవడమే నిషేధించింది. పోనీ ఇంట్లో నేసుకుందామంటే, అక్కడి పత్తి నూలు పడుగుకు నిలిచేది కాదు. నార పడుగులో పత్తి పేక కలిపి నేసేవారు. ఆర్క్‌రైట్ యంత్రం పడుగుకు ఆగే నూలు తీసింది. ఇంగ్లండులో అచ్చంగా పత్తితో నేసిన బట్టకు 1774లో పార్లమెంటు అనుమతి ఇచ్చింది. అందుకు గట్టిగా పట్టుబట్టినవాడు అతనే.

మరమగ్గానికి 1785లో పేటెంటు తీసుకున్న ఎడ్మండ్ ఒక చర్చి పాదిరి. ఇంటిపేరు కార్ట్‌రైట్. తర్వాతి వందేళ్లలో వాళ్ల మిల్లు గుడ్డ మన సంతలకు దిగింది. మచిలీపట్నం అద్దకానికి సీమ గిరాకీ పోయింది.